పూలమడి అంచున స్త్రీలు

లోబీలియా అనగానే మనలో చాలామందికి ఏ పువ్వూ కళ్ళముందు మెదలదు. బంతి, చేమంతి, కనకాంబరం, నందివర్ధనం మన పెరళ్ళలోంచి, జడల్లోంచి, పూజగదుల్లోంచి మన మాటల్లోకి వచ్చాయి. లోబీలియా అలా రాలేదు. చలికాలంలో నర్సరీల్లో పిటూనియాల పక్కన చిన్న నల్ల కవర్లలో పెట్టి అమ్ముతారు దాన్ని. మొక్క జానెడు ఎత్తుంటుంది. పువ్వు వేలిగోరంత. మూడు రేకులు కిందికి, రెండు సన్నవి పైకి. రంగు మాత్రం కళ్ళు తిప్పుకోలేనంత నీలం. వాసన ఉండదు. మాల కడదామంటే కాడ చాలదు. కోసి పళ్ళెంలో పెడితే గంటలో వాడిపోతుంది. దాన్ని పెంచేది చూడ్డానికే. ఇలాంటి మొక్కలకి ఉద్యానశాస్త్రం ‘అలంకార మొక్కలు’ అని పేరు పెట్టింది.

అలంకారం అన్న మాట స్త్రీలకి కొత్త కాదు. ఇల్లాలే ఇంటికి అలంకారం అని మనకి చిన్నప్పట్నించీ చెప్తూనే ఉన్నారు. ఆ మాట అన్నవాళ్ళు ఆ ఇల్లాలు చేసే చాకిరీని ఏ లెక్కలోనూ రాయలేదు. పువ్వు విషయంలోనూ అలాగే జరిగింది. తోటల చరిత్ర రాసిన పుస్తకాల్లో లోబీలియా కథ కొందరు మగవాళ్ళ పేర్ల వరసగా ఉంటుంది. ఫలానా ఆయన పేరు పెట్టాడు, ఫలానా ఆయన ఓడలో తెచ్చాడు, ఫలానా నర్సరీ యజమాని కొత్త రకం పుట్టించాడు. ఆ వరసలో చెప్పినవి నిజాలే. అయితే మట్టిలో పెట్టిన చేతులు ఆ వరసలో లేవు. ఈ వ్యాసం ఆ చేతుల కోసం వెతుకుతుంది.

ముందు పేరు సంగతి. 1538లో లీల్ నగరంలో పుట్టి 1616లో ఇంగ్లండులో చనిపోయిన మతియాస్ ద లోబెల్ అనే వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు రాజు మొదటి జేమ్స్ కొలువులో ఉండేవాడు. అతని మీద గౌరవంతో ప్లూమియర్ అనే ఫ్రెంచి సన్యాసి ‘లోబీలియా’ అనే మాట సృష్టించాడు. 1753లో లిన్నేయస్ ఆ పేరుని స్థిరపరిచాడు. ఇవాళ ఆ పేరు కింద నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. అమెరికా వాగుల ఒడ్డున పూసేవి, ఆఫ్రికా కొండల మీద మనిషిని మించి పెరిగేవి, మన నీలగిరుల్లో ఉన్నవి, మన వరిపొలాల్లో ఉన్నవి అన్నీ ఒక యూరప్ వైద్యుడి ఇంటిపేరులోకి వచ్చి చేరాయి. పెళ్ళయిన ఆడపిల్ల ఇంటిపేరు మారినట్టే.

ఈ పోలిక నేను సరదాకి చెయ్యడం లేదు. లిన్నేయస్ మొక్కల్ని వర్గీకరించిన పద్ధతికి పునాదే పెళ్ళి. కేసరాల్ని భర్తలుగా, కీలాల్ని భార్యలుగా లెక్కపెట్టి ఆయన మొక్కలకి వర్గాలు కట్టాడు. లోబీలియా పువ్వులో ఐదు కేసరాలు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా ఉంటాయి. దాని మధ్యలోంచి ఒకే కీలం పైకి వస్తుంది. ఆ లెక్కన ఐదుగురు భర్తలు, ఒక భార్య. మనకైతే వెంటనే ద్రౌపది గుర్తొస్తుంది. లిన్నేయస్ మాత్రం దీన్ని సింజెనీసియా అనే వర్గంలో మోనోగేమియా అనే ఉపవర్గంలో వేశాడు. మోనోగేమియా అంటే ఏకవివాహం. చేమంతిలాగా అనేక చిన్న పూలు ఒకే తలలో గుంపుగా ఉండకుండా విడిగా పూసేవాటికి ఆయన ఆ మాట వాడాడు. ఏమైనా ఐదుగురు భర్తలున్న పువ్వుకి ఏకవివాహం అన్న చీటీ అంటించి పద్దెనిమిదో శతాబ్దం పరువు కాపాడుకుంది.

పువ్వు చేసే పని చూస్తే ఈ భర్తలూ భార్యల భాష ఎంత అరువు భాషో తెలుస్తుంది. గొట్టంలోపల పుప్పొడి ముందే రాలుతుంది. కీలం పెరుగుతూ ఆ పుప్పొడిని బ్రష్షుతో తోసినట్టు బయటికి తోస్తుంది. పుప్పొడంతా తేనెటీగలో పిట్టలో పట్టుకుపోయాకే కీలాగ్రం విచ్చుకుని, వేరే పువ్వు పుప్పొడిని అందుకుంటుంది. ఒకే పువ్వు ముందు మగగా, తర్వాత ఆడగా ఉంటుంది. దీన్ని ఏ వివాహ చట్టంలోనూ ఇరికించలేం.

ఈ ‘భార్యాభర్తల’ శాస్త్రం ఆడపిల్లలు చదవదగిందేనా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. 1798లో రిచర్డ్ పోల్వీల్ అనే మతాచార్యుడు మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌నీ, ఆమెలా ఆలోచించే రచయిత్రుల్నీ తిడుతూ ఒక దీర్ఘకవిత రాశాడు. ఆడవాళ్ళు చెడిపోవడానికి అతను చెప్పిన కారణాల్లో పూలని విప్పి చూడడం ఒకటి. పువ్వుని ముడుచుకోవచ్చు, దాని బొమ్మ గీయవచ్చు, గుడ్డమీద కుట్టవచ్చు. విప్పి లెక్కపెడితే మాత్రం తప్పు. అలంకారానికీ జ్ఞానానికీ మధ్య గీత అక్కడ గీశారు.

ఇంగ్లండు తోటల్లోకి ముందు వచ్చిన లోబీలియాల్లో ఎర్రది ఒకటి. పేరు లోబీలియా కార్డినాలిస్. రోమన్ కేథలిక్ కార్డినల్స్ వేసుకునే ఎర్ర అంగీ రంగు కనుక ఆ పేరొచ్చింది. ఉత్తర అమెరికాలో చిత్తడి నేలల్లో, వాగుల ఒడ్డున నడుం ఎత్తున పెరుగుతుంది. హమ్మింగ్ పిట్టలు దాని తేనె తాగుతాయి. 1629లో జాన్ పార్కిన్సన్ తన తోటల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. కెనడా నది దగ్గర ఫ్రెంచివాళ్ళు వలస పెట్టిన చోటు నుంచి వచ్చిందన్నాడు. ఆ పుస్తకాన్ని రాణి హెన్రియెట్టా మరియాకి అంకితమిచ్చాడు. పుస్తకం రాణికి అంకితం, పువ్వు పేరు మతగురువుకి అంకితం. ఆ వాగుల ఒడ్డున తరతరాలుగా బతికిన మనుషులకి అందులో ఏదీ దక్కలేదు.

దాని నీలం చెల్లెలి కథ ఇంకా ముఖ్యమైంది. న్యూయార్కు వలసరాజ్యంలో మొహాక్ లోయలో విలియం జాన్సన్ అనే ఆంగ్లో ఐరిష్ వ్యాపారి ఉండేవాడు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం తరఫున అక్కడి మూలవాసులతో వ్యవహారాలు చూసే అధికారి అయ్యాడు. సుఖవ్యాధికి మూలవాసులు వాడే ఒక వేరు రహస్యాన్ని అతను బహుమతులిచ్చి సంపాదించాడు. లిన్నేయస్ శిష్యుడు పేర్ కామ్ 1748 నుంచి 1751 వరకు అమెరికాలో తిరిగినప్పుడు ఆ సంగతి విని స్వీడన్‌కి చేరవేశాడు. అలా ఆ అందమైన నీలం పువ్వుకి లోబీలియా సిఫిలిటికా అని పేరు పడింది. యూరప్ వైద్యులు వాడి చూస్తే అది పనిచెయ్యలేదు. మందుగా ఓడిపోయిన మొక్క తోటలో అలంకారంగా మిగిలింది. పేరులో మాత్రం జబ్బు అలాగే ఉండిపోయింది.

ఆ మూలవాసులు హౌడెనొసానీలు. వాళ్ళలో వంశం తల్లినించి లెక్క. పొలం స్త్రీలది, పంట స్త్రీలది. తెగ నాయకుల్ని ఎంపిక చేసేదీ, తొలగించేదీ గోత్రమాతలే. అలాంటి సమాజంలోంచి వచ్చిన జ్ఞానం ఒక మగవాడు కొన్న రహస్యంగా, మరొక మగవాడు పెట్టిన పేరుగా నమోదైంది. అదే జాన్సన్ 1759 తర్వాత మోలీ బ్రాంట్ అనే మొహాక్ స్త్రీతో కలిసి బతికాడు. ఎనిమిది మంది పిల్లల్ని కన్నారు. ఆమె తన ప్రజల్లో గొప్ప పలుకుబడి ఉన్న రాజకీయవేత్త. జాన్సన్ తన వీలునామాలో ఆమెని ఇల్లు చూసుకునే మనిషిగా రాశాడు. మొక్కకి పేరు పెట్టడం ఎంత రాజకీయమో, మనిషికి పేరు పెట్టడమూ అంతే రాజకీయం.

సిఫిలిటికా అన్న పేరు దగ్గర ఇంకొంచెం ఆగాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఈ జబ్బుకి దోషులు స్త్రీలే అని చట్టం తీర్మానించింది. 1864లో ఇంగ్లండులో, 1868లో మన దేశంలో అంటువ్యాధుల చట్టాలు వచ్చాయి. సైనికుల ఆరోగ్యం పేరుతో వేశ్యలని ముద్రపడ్డ స్త్రీలని పట్టుకుని బలవంతంగా పరీక్షలు చేసి, లాక్ హాస్పిటళ్ళలో పెట్టారు. సైనికులకి ఆ పరీక్షలు లేవు. జోసెఫిన్ బట్లర్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే అక్కడ 1886లో, ఇక్కడ 1888లో ఆ చట్టాలు రద్దయ్యాయి. అవే దశాబ్దాల్లో ఆ దేశపు పెద్దింటి ఆడవాళ్ళు తోటలో నీలం లోబీలియాల మధ్య తిరుగుతూ పూల పేర్లు లాటిన్‌లో నేర్చుకుంటున్నారు. ఒక వర్గం స్త్రీలకి పువ్వు, మరొక వర్గం స్త్రీలకి ఆ పువ్వు పేరులోని జబ్బు.

అమెరికాలోనే మరో లోబీలియా, ఇన్‌ఫ్లాటా, ఇంటి వైద్యంలోకి వెళ్ళింది. తింటే వాంతులవుతాయి. మోతాదు మించితే ప్రమాదం. 1769లో న్యూహాంప్‌షైర్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టిన శామ్యూల్ థామ్సన్ దీన్నే ముఖ్యమైన మందుగా పెట్టుకుని ఒక వైద్య పద్ధతి నడిపాడు. ఒక రోగి చావు విషయంలో 1809లో హత్యానేరం మీద విచారణ ఎదుర్కొని విడుదలయ్యాడు. 1813లో ఏకంగా పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో కుటుంబానికి 20 డాలర్లకి వాడుకునే హక్కు అమ్మాడు. ఆ మొక్క గుణం చిన్నప్పుడు తానే కనిపెట్టానన్నాడు. అయితే చిన్నతనంలో ఆకులూ వేళ్ళూ ఏరడానికి తనని వెంట తిప్పి, మూలికలంటే ఏమిటో నేర్పిన ఒక ముసలామెని తన జీవితకథలో గుర్తుచేసుకున్నాడు. బెంటన్ అనే ఇంటిపేరుతో. ఆమె ఊళ్ళోవాళ్ళకి వైద్యం చేసింది. ఆమెకి పేటెంటు లేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాడికి ఉంది. మన ఊళ్ళలో పురుళ్ళు పోసిన మంత్రసానుల్ని తలుచుకుంటే ఈ కథ కొత్తగా ఉండదు.

ఇప్పుడు మన నర్సరీల్లో దొరికే చిన్న నీలం లోబీలియా దగ్గరికి వద్దాం. దాని పేరు ఎరినస్. అది దక్షిణాఫ్రికాది. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ అక్కడ కేప్ అనే చోట ఓడలకి కూరగాయలు అందించడానికి ఒక తోట వేసింది. ఆ తోటే తర్వాత కేప్‌టౌన్ నగరమైంది. ఆ దారిన వెళ్ళే ఓడల్లో కేప్ మొక్కలు యూరప్ చేరాయి. 1753లో లిన్నేయస్ పుస్తకంలో ఎరినస్ ఉంది. తోటల చరిత్రలు కంపెనీ తోట అధికారుల గురించీ, మొక్కలు సేకరించిన పండితుల గురించీ చెప్తాయి. ఆ తోటలో నీళ్ళు మోసి మట్టి తవ్వినవాళ్ళు బానిసలు. కంపెనీ బానిసల కోసం 1679లో కట్టిన పెద్ద నివాసం తోట ముంగిట్లోనే ఉండేది.

ఆ బానిసలు ఎక్కడినుంచి వచ్చారు? మడగాస్కర్ నుంచి, ఆగ్నేయాసియా దీవుల నుంచి, బెంగాల్ నుంచి, మలబారు నుంచి. మన కోరమాండల్ తీరం నుంచి కూడా. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో, పులికాట్‌లో డచ్చివాళ్ళ స్థావరాలుండేవి. పులికాట్‌లో వాళ్ళ కోట గెల్‌డ్రియా. మనం ప్రళయకావేరి అని పిలుచుకునే సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. కరువులొచ్చినప్పుడు ఈ తీరం నుంచి మనుషుల్ని ఓడలకెక్కించి అమ్మారు. కేప్ రికార్డుల్లో పులికాట్ పేరు ఒక స్త్రీకి ఇంటిపేరుగా కనిపిస్తుంది. గ్రూటె కాట్రెయిన్ వాన్ పాలియాకాటె. అంటే పులికాట్ నుంచి వచ్చిన పెద్ద కాట్రెయిన్. గొడవలో తనని కొట్టిన ప్రియుడి చావుకి కారణమైందని 1656లో బటావియాలో ఆమెకి మరణశిక్ష వేశారు. దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చి 1657లో కేప్‌కి పంపారు. అక్కడ ఆమె కమాండర్ ఇంట్లో బట్టలు ఉతికింది. 1671లో బెంగాల్ నుంచి వచ్చిన ఒక విముక్త బానిసని పెళ్ళాడింది. ఒక సైనికుడి వల్ల ఆమెకి పుట్టిన కొడుకునించి వచ్చినవాళ్ళే దక్షిణాఫ్రికాలో స్నైమన్ అనే తెల్లవాళ్ళ వంశం.

ఆమె చేసిన పని బట్టలుతకడం. తోటపని ఇతర బానిసలది. అయినా ఆమెని ఇక్కడ తలుచుకోవడానికి కారణముంది. కేప్ కొండవాలు మీద పూసిన నీలం పువ్వుకీ, మన తీరం నుంచి వెళ్ళిన ఆ స్త్రీకీ దారి ఒకటే, యజమాని ఒకటే. కంపెనీ ఓడలు. పువ్వుకి లాటిన్‌లో పేరు దొరికింది. ఆమెకి కోర్టు కాగితాల్లో పేరు దొరికింది. నేరం మోపబడి ఉండకపోతే అదీ దొరికేది కాదు. పేదస్త్రీలు చరిత్రలోకి ఎక్కువగా నేరస్థుల వాకిట్లోంచే వస్తారని మన స్త్రీల చరిత్ర రాసినవాళ్ళకి బాగా తెలుసు.

యూరప్ చేరిన ఎరినస్‌కి మహర్దశ పట్టింది విక్టోరియా కాలంలో. 1845లో బ్రిటన్‌లో గాజుమీద పన్ను ఎత్తేశారు. గాజు చవకైంది. బొగ్గుతో వెచ్చబెట్టే గాజు ఇళ్ళలో వేలకొద్దీ నారు పెంచి, మంచు తగ్గాక బయట మళ్ళలో నాటడం ఫ్యాషనైంది. ఎర్ర జెరేనియం, పసుపు కాల్సియోలేరియా, అంచున నీలం లోబీలియా. ఈ మూడు రంగులు అక్కడి పార్కులన్నిటికీ ముగ్గులా మారాయి. 1854లో సిడెన్‌హామ్‌లో మళ్ళీ కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ చుట్టూ పూలతో తివాచీలు పరిచారు. ‘క్రిస్టల్ ప్యాలెస్’ పేరుతో ముదురు నీలం లోబీలియా రకం ఇప్పటికీ అమ్ముతారు. పెద్ద ఎస్టేట్లలో హోదాని మొక్కల లెక్కతో కొలిచేవాళ్ళట. ఓ మోస్తరు భూస్వామికి పదివేలు, ఎర్ల్‌కి ముప్ఫైవేలు. అవి కూడా ఏడాదికోసారి పీకి పారేసి మళ్ళీ నాటాల్సినవే.

ఆ పనంటే ఏమిటో చేస్తే గానీ తెలీదు. లోబీలియా విత్తనం ధూళి. గ్రాముకి పాతికవేలకు పైనే ఉంటాయి. వేలికొసతో తీస్తే వందలు అంటుకుంటాయి. మట్టిమీద చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. కప్పితే వెలుతురు అందక మొలవదు. నీళ్ళు పైనించి పోస్తే కొట్టుకుపోతుంది కనుక కుండీని నీళ్ళపళ్ళెంలో పెట్టి కిందినుంచి తడపాలి. మొలిచాక ఒక్కో మొక్కని విడదీయడం మనిషి వల్ల కాదు. చిన్న చిన్న కుచ్చులుగా తీసి నాటాలి. హైదరాబాదులో నేను సెప్టెంబరు చివర్లో చల్లితే డిసెంబరు నించి పూస్తుంది. ఓసారి పూత తగ్గగానే కత్తెరతో సగానికి కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది. మార్చి ఎండలకి కాలిపోతుంది. రెండు ట్రేల నారు నాటడానికి పీట మీద కూర్చుంటే లేచేసరికి నడుం పట్టేసింది. ముప్ఫైవేల మొక్కలంటే ఎన్ని నడుములో!

అంత నారు నాటేందుకు, నాటిన మడి చెదరకుండా చూసేందుకు ఎస్టేట్లలో జీతానికి తోటమాలులుండేవారు. వాళ్ళు మగవాళ్ళు. కుర్రతనంలో చేరి, తోటలోనే వసతిలో ఉండి, పని నేర్చుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి ప్రధాన తోటమాలి అయ్యేవాళ్ళు. ఆ మెట్లు ఆడవాళ్ళకి లేవు. ఆడవాళ్ళకి ఉన్నది రోజుకూలి. కలుపు తీయడం, రాళ్ళేరడం, రాలిన ఆకులు ఊడ్చడం. ఇంగ్లండు తోటల్లో వందల ఏళ్ళుగా కలుపు స్త్రీలున్నారు. ఎనిమిదో హెన్రీ కాలంలో హాంప్టన్ కోర్టు రాజప్రాసాదం లెక్కల్లోనే వాళ్ళ కూలి పద్దులున్నాయి. మగకూలి కంటే తక్కువ. ఏళ్ళ తరబడి అదే తోటలో అదే పని చేసినా వాళ్ళని తోటమాలి అనలేదు.

లోబీలియా రకాల పేర్లు చూస్తే ఈ లెక్క ఇంకో రకంగా తేలుతుంది. ముదురు ఎర్ర ఆకులున్న కార్డినాలిస్ రకం పేరు ‘క్వీన్ విక్టోరియా’. నీలం మీద తెల్లచుక్కున్న ఎరినస్ రకం పేరు ‘మిసెస్ క్లిబ్రాన్’. క్లిబ్రాన్ అనేది ఒక నర్సరీ కుటుంబం ఇంటిపేరు. ఆ పేరులో ఆవిడ సొంత పేరు లేదు. పువ్వు మీద పేరు రావాలంటే రాణి అయినా అయ్యుండాలి, నర్సరీ యజమాని భార్య అయినా అయ్యుండాలి. కలుపు తీసిన స్త్రీ పేరుతో పువ్వు ఎక్కడుంది?

మధ్యతరగతి స్త్రీలు తోటలోకి వచ్చింది వేరే దారిలో. జేన్ లౌడన్ (1807–1858) పెళ్ళినాటికి తోటపని తెలియని రచయిత్రి. ప్రసిద్ధ ఉద్యాన రచయితని పెళ్ళాడాక నేర్చుకుని, 1840లో స్త్రీల కోసం తోటపని పుస్తకం రాసింది. స్త్రీలు పారపట్టి మట్టి తవ్వచ్చని, అందుకు తేలికైన పార, చేతికి తొడుగులు కావాలని చెప్పింది. తోటపని స్త్రీల స్వభావానికి తగదన్న కాలంలో అది చిన్న మాట కాదు. 1843లో భర్త అప్పులు మిగిల్చి చనిపోతే కలమే ఆమె కుటుంబాన్ని పోషించింది. ‘ఆడవాళ్ళ సరదా’ అన్న మాట వెనక ఇల్లు గడిపిన సంపాదన ఉంది.

తర్వాతి తరంలో గెర్‌ట్రూడ్ జీకిల్ (1843–1932) చిత్రకళ నేర్చుకుంది. చూపు మందగించి బొమ్మలు వెయ్యలేక తోటలు వేసింది. అప్పటికి విలియం రాబిన్సన్ లాంటివాళ్ళు పూల తివాచీల్ని వెక్కిరించడం మొదలుపెట్టారు. జెరేనియం, లోబీలియా అంటే నాగరికులు మొహం చిట్లించే స్థితి వచ్చింది. జీకిల్ 1899లో వచ్చిన పుస్తకంలో ఆ మొక్కల పక్షాన నిలబడింది. వాటిని తెలివితక్కువగా వాడినవాళ్ళది తప్పు గానీ మొక్కలదేం తప్పు అన్నది ఆమె వాదన. నాకు ఆ వాదన చాలా ఇష్టం. అలంకారంగా వాడబడ్డవాళ్ళని ఆ వాడకానికి నిందించడం మన సమాజానికీ అలవాటే.

1891లో స్వాన్లీ ఉద్యాన కళాశాల స్త్రీలని చేర్చుకుంది. 1903 నాటికి అది పూర్తిగా స్త్రీల కళాశాలైంది. 1896లో క్యూ రాజోద్యానం స్వాన్లీలో చదివిన యువతుల్ని తోటమాలులుగా తీసుకుంది. మగ తోటమాలుల్లాగే మోకాళ్ళ దాకా ఉండే నిక్కర్లు వేసుకోమంది. జనం వాళ్ళని వింతగా చూడ్డానికి వచ్చారు. పత్రికలు ఎగతాళి చేశాయి. 1913 ఫిబ్రవరిలో అదే క్యూలో ఓటుహక్కు ఉద్యమకారిణులు ఆర్కిడ్ల గాజు ఇల్లు పగలగొట్టారు. కొద్దిరోజులకి అక్కడి టీ మందిరాన్ని తగలబెట్టారు. పూలని ప్రేమించే జాతి అని గొప్ప చెప్పుకునేవాళ్ళకి ఆర్కిడ్ల మీద పడ్డ దెబ్బ బాగా తగిలింది.

క్యూలో చేరిన ఆ యువతుల్ని ‘తొలి మహిళా తోటమాలులు’ అని రాస్తారు. వాళ్ళ ధైర్యాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. కానీ ‘తొలి’ అన్న మాట దగ్గర నాకు ముల్లు గుచ్చుకుంటుంది. వాళ్ళకంటే నాలుగు శతాబ్దాల ముందునుంచీ కూలి తీసుకుని తోటల్లో పనిచేసిన స్త్రీలుంటే వీళ్ళు తొలివాళ్ళెలా అవుతారు? చదువుకుని ఉద్యోగంలో చేరిన స్త్రీ దగ్గర్నించే స్త్రీల పని చరిత్ర మొదలుపెట్టడం మనమూ చేస్తున్న పనే. మన ‘తొలి మహిళ’ల జాబితాల్లో తొలి పట్టభద్రురాలు, తొలి డాక్టరు, తొలి న్యాయవాది ఉంటారు. అంతకుముందు తరాలుగా పొలాల్లో కూలిచేసిన దళిత స్త్రీలు ‘పనిచేసే మహిళ’ల లెక్కలోకే రారు. దళిత రచయిత్రులు ఈ ప్రశ్న మనల్ని అడిగి చాలా ఏళ్ళయింది. లోబీలియా మడి అంచున నిలబడ్డా అదే ప్రశ్న ఎదురవుతుంది.

ఆ ప్రశ్నతోనే మన నేలకి రావాలి. లోబీలియా మనకి కేవలం విదేశీ సీజన్ పువ్వు కాదు. నీలగిరుల్లో, పడమటి కనుమల గడ్డివాలుల మీద లోబీలియా నికోటియానిఫోలియా మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. బోలు కాండం, పొగాకులాంటి పొడవాటి ఆకులు, పైన తెల్లటి పూలకంకి. తెలుగులో దీన్ని అడవి పొగాకు అంటారు. 1848లో ఊటీలో బ్రిటిష్‌వాళ్ళు వృక్షోద్యానం మొదలుపెట్టినప్పుడు, యూరప్ పద్ధతిలో మళ్ళు కట్టి దూరదేశాల మొక్కలు తెచ్చి పెంచారు. చుట్టూ కొండల మీద తనంతట తాను పెరిగిన లోబీలియా అడవి మొక్కగానే ఉండిపోయింది. మడిలో ఉంటే అలంకారం, మడి బయట ఉంటే అడవి.

ఇంకోటి లోబీలియా ఆల్సినాయిడిస్. దక్షిణ భారతంలో తడి నేలల్లో, వరిపొలాల్లో, గట్ల మీద పెరిగే మొక్క. చూస్తే నర్సరీలో కొన్న ఎరినస్‌కి చెల్లెల్లా ఉంటుంది. అదే పువ్వు ఆకారం, కాస్త చిన్నది. లేత నీలం. పొలంలో దాన్ని కలుపు అంటారు. మోకాలిలోతు బురదలో నడుం వంచి వరసగా నిలబడ్డ ఆడకూలీలు వరి మొక్కని వదిలి దీన్ని పీకి గట్టుమీదికి విసిరేస్తారు.

ఈ రెండు దృశ్యాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంగ్లండులో ఒక స్త్రీ లోబీలియాని కాపాడడానికి దాని చుట్టూ పెరిగిన గడ్డి పీకుతోంది. మన పొలంలో ఒక స్త్రీ వరిని కాపాడడానికి లోబీలియాని పీకుతోంది. ఏది పువ్వో, ఏది కలుపో తేల్చింది వాళ్ళిద్దరూ కాదు. భూమి ఎవరిదో వాళ్ళు తేల్చారు. వాళ్ళిద్దరికీ దక్కింది మగకూలి కంటే తక్కువైన ఆడకూలి, సాయంత్రానికి నడుం నొప్పి. ఏ ఆకు వరిదో ఏ ఆకు కలుపుదో వేళ్ళతో తడిమి పోల్చుకునే వాళ్ళ నైపుణ్యాన్ని మాత్రం ఎవరూ వృక్షశాస్త్రం అనలేదు.

అలాగని కలుపు తీసే స్త్రీల చేతుల్ని పొగిడి ఊరుకుంటే అదింకో అలంకారమే అవుతుంది. పితామహుల పేర్లు తీసేసి మాతామహుల పేర్లు పెట్టడం వల్ల కూడా పెద్దగా ఒరిగేదేమీ లేదు. కూలి పద్దుల్ని, కోర్టు కాగితాల్ని, వీలునామాల్ని తోటల చరిత్రకి ఆధారాలుగా చదవాలి. మొక్కకి పేరెవరు పెట్టారన్న ప్రశ్నతో పాటు ఆ మడిలో కూలి ఎంత, ఎవరికి అన్న ప్రశ్న కూడా అడగాలి. స్త్రీల అధ్యయన కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు, కథలు రాసేవాళ్ళు ఎవరైనా మొదలుపెట్టగల పని ఇది. వరినాట్లయిన నెలకి పొలం గట్టుమీదికి వెళ్ళండి. బురదలోంచి పీకి విసిరిన ఆ చిన్న నీలం పువ్వుని చూపించి, దాన్ని మీరేమంటారని కలుపు తీసే స్త్రీలని అడగండి. వాళ్ళు చెప్పిన పేరు రాసుకోండి. పక్కనే ఆ పేరు చెప్పినామె పేరు కూడా, ఆమెకి సమ్మతమైతే, రాయండి.